కొండకోటలో కొమ్ము నాడె

నా చిన్నప్పుడు, తొంభైల నడిమి సంవత్సరాలలో, ఎండలు ముదరగానే మమ్మల్ని అందరూ ఒకే ప్రశ్న అడిగేవారు: "గావ్ కబ్ జా రహే హో?" ఊరికెప్పుడు వెళ్తున్నారు అని. అడిగేవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. కిరాణా కొట్టు కాకా అడిగేవాడు, కుళాయి దగ్గర బిందెతో నిలబడిన గుజరాతీ ఆవిడ అడిగేది, నాతో తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలు అడిగేవారు. నేను పుట్టింది సూరత్‌లో. పెరిగింది ఆ ఊళ్ళోనే వడోద్ అనే పేటలో, వరుసగా కట్టిన ఒంటిగది ఇళ్ళలో ఒకదానిలో. అయినా ఆ ప్రశ్న వినిపించినప్పుడల్లా, మేము ఇక్కడ కొన్నాళ్ళుండి వెళ్ళిపోయేవాళ్ళమని ఎవరో ఎక్కడో తీర్మానించినట్టు, ఆ సంగతి నాకొక్కదానికే తెలియనట్టు అనిపించేది. దానికి గట్టి జవాబు ఒకటి చెప్పాలని నాకు బలంగా ఉండేది. నా చేత ఒక అబద్ధాన్ని అద్దాల పెట్టెలో పెట్టించబోయింది ఆ కోరికే.

మాది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. నాన్న ఖటోదరాలోని ఒక కార్ఖానాలో కరెంటు మగ్గాలు నడిపేవాడు. మా తాత ఊళ్ళో గుంటమగ్గం మీద నేసినవాడు. ఆ మగ్గం ఆగిపోయి, నాయనమ్మ కూడా పోయాక, నాన్న ఆయనను తనతో తీసుకొచ్చాడు. సూరత్‌లో ఏ గోడ వెనక విన్నా మగ్గాలు మోగుతూనే ఉండేవి. ఆ మగ్గాలలో ఒక్కదానికీ మా తాత చేతులతో పని లేదు. ఒకసారి నాన్న ఆయనకు తన కార్ఖానా చూపించాడు. ఒకే మనిషి ఎనిమిది మగ్గాల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే తాత కాసేపు చూసి, "వీడు నేస్తుండా, కావలి గాస్తుండా?" అని అడిగి బయటికి వచ్చేశాడట. మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆయన రోజులన్నీ గుమ్మం దగ్గరే గడిచాయి. ఎవరైనా కొత్త బట్ట కట్టుకుని ఎదురుగా వెళ్తే, అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి చూడడానికి ఆయన చెయ్యి లేచేది. పరాయి చోట అలా పట్టుకోకూడదని గుర్తొచ్చి మళ్ళీ ఒళ్ళో పెట్టుకునేవాడు. ఆయనను ఎవరూ తక్కువ చేయలేదు. పొద్దున్నే టీ ఇచ్చేవారు, వేళకు అన్నం పెట్టేవారు. ఎవరూ ఏదీ అడిగేవారు కాదు, అంతే. తనకు తెలిసినదంతా తనలోనే ఉంచుకుని బతకడం ఎంత కష్టమో ఐదో తరగతి పిల్లనైన నాకు తెలిసే వీలు లేదు.

ఆ ఏడాది చలికాలంలో మా తెలుగు బడి నుంచి పిల్లలను ఒక కొండకోట చూడడానికి తీసుకెళ్ళారు. సూరత్‌కు తూర్పున, మైదానం అయిపోయి కొండలు మొదలయ్యే చోట ఉంది ఆ కోట. దానికి ఒక పేరు ఉన్నా మావాళ్ళెవరూ ఆ పేరుతో పిలవలేదు, గఢ్ అనేవారు. నేనూ అలాగే అంటాను. పిల్లలు ఎక్కువ, సారు ఒక్కరే కావడంతో తోడుగా ఎవరైనా పెద్దవాళ్ళు రావాలన్నారు. మా పక్కింటి అక్క వెంటనే ఒప్పుకుంది. చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకుని చేసేది ఆమె. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. తానొక్కతే వస్తే పిల్లలు మాట వినరని, మా తాతను కూడా లేవదీసింది. "గుమ్మం ముంగట కూసుంటే ఎవలన్న జీతమిస్తున్నరా తాతా? నడువు, కోట జూసొద్దాం" అంది.

కొండ పైదాకా రాతిమెట్లు. సగం ఎక్కేసరికి అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

"తాతా, గీ కోట కట్టినోనికి మోకాళ్ళు లేకుండెనా ఏంది? గింత ఎత్తుల కట్టిండు."

"మోకాళ్ళుండె బిడ్డా. మోసేటోళ్ళు గూడ ఉండిరి" అన్నాడు తాత.

పైన కోట కావలి మనిషి మా కోసం ఎదురుచూస్తున్నాడు. ఖాకీ చొక్కా వేసుకున్న నడివయసు మనిషి. తాళంచెవుల గుత్తి నడుముకు వేలాడుతుంటే, హిందీలో గుజరాతీ కలిపి, కోట చరిత్ర అంతా అప్పజెప్పినట్టు చెప్పాడు. మొదట ఈ కొండ అడవి దొరలది. వాళ్ళు పైన మంట వేసి కింది ఊళ్ళకు కబురు పంపేవారట. తర్వాత ఒక సుల్తాను అధికారి వచ్చి వాళ్ళను దించేసి గోడ కట్టాడు. అతని నుంచి ఒక మరాఠా సర్దారు గెలుచుకుని బురుజులు పెంచాడు, గుడి కట్టించాడు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులు దించుకుపోయి కోటను ఖాళీగా వదిలేశారు. చాలాకాలం అడవి కలప దాచుకునే గోదాముగా పడి ఉంది. చివరికి ప్రభుత్వం బాగుచేయించి, ధాన్యం కొట్లను మ్యూజియంగా మార్చింది.

సారు మమ్మల్ని ఇదంతా రాసుకోమన్నారు. రాసుకున్నాను. రాసుకుని చూస్తే, ఎవరి నుంచి ఎవరు లాక్కున్నారో చెప్పే వరుసలా ఉంది అది. గోడలోని ఒక్కొక్క రాయీ మా ఇంటి తలుపంత ఉంది. ఈ రాళ్ళు ఎవరు మోశారని అడిగాను. కావలి మనిషి నవ్వి, ఆ పేర్లు ఎవరు రాసి పెట్టుకుంటారమ్మా అన్నాడు. నాకు ప్రశ్నలు అడిగే అలవాటు అప్పటికే ఉంది. జవాబు రాకపోతే ఊరుకునే అలవాటు అప్పటికి లేదు. కానీ పిల్లలందరూ కత్తుల గదిలోకి పరుగెత్తారు, నేనూ వెళ్ళాను.

కత్తులు, ఇనుప గుండ్లు, తుప్పు పట్టిన పెద్ద తాళం, అక్షరాలు అరిగిన శాసనం ముక్క. మూడో గదిలో కిటికీ పక్కన ఒక చిన్న అద్దాల పెట్టె ఉంది. అందులో జానెడు పొడవున నల్లగా, నునుపుగా, రెండు కొనలూ సన్నబడి, బోర్లించిన పడవలా ఉన్న ఒక కొమ్ము వస్తువు. పక్కన గుజరాతీలో చీటీ. బడిలో గుజరాతీ నేర్పేవారు కాబట్టి చదివాను: "మందుగుండు కొమ్ము. కోట సిపాయిలు తుపాకి మందు దాచుకున్నది."

వెనక నుంచి మా తాత గొంతు వినిపించింది.

"గిది మందు కొమ్ము గాదు. నాడె."

ఆయన అంత స్పష్టంగా మాట్లాడడం నేను సూరత్‌లో ఎన్నడూ వినలేదు. సారు దగ్గరికి వచ్చారు, పిల్లలు మూగారు. మగ్గం మీద పడుగు దారాల మధ్య నుంచి అటూ ఇటూ విసిరే సాధనమే నాడె అని, దాని కడుపులో దారం చుట్టిన కండె కూర్చుంటుందని తాత చెప్పాడు. ఇప్పటి నాడెలు కట్టెతో చేస్తారు; ఆయన చిన్నతనంలో ఆయన తాత ఇంట్లో బర్రెకొమ్ముతో చేసిన నాడె ఒకటి ఉండేదట, అచ్చం ఇదే నలుపు, ఇదే నునుపు. కడుపు కిందికి ఉండేలా బోర్లించారు కాబట్టి చూసేవాళ్ళకు తెలియడం లేదన్నాడు. అని ఊరుకోలేదు. మోకాళ్ళు కొంచెం వంచి, కుడిచేతి నుంచి ఎడమచేతికి, ఎడమచేతి నుంచి కుడిచేతికి, లేని నాడెను విసిరి చూపించాడు. ఆ చేతులు అంత వేగంగా కదలగలవని నేను అనుకోలేదు. 

కావలి మనిషి మెల్లగా అడ్డు చెప్పాడు. ఇది కోట దాదా, ఇక్కడ సిపాయిలు ఉండేవారు, మగ్గం ఎందుకుంటుంది అన్నాడు. తాతకు హిందీ అంతంత మాత్రం. తెలుగులోనే జవాబిచ్చాడు, సారు దాన్ని హిందీలోకి మార్చారు.

"కోటల ఉన్నోళ్ళు బట్ట గట్టుకోకుండ తిరిగిండ్రా నాయినా?"

అందరూ నవ్వారు, కావలి మనిషి కూడా. నేను నవ్వలేదు. రాళ్ళు ఎవరు మోశారన్న నా ప్రశ్నకు దొరకని జవాబు, ఈ మాటలో సగమైనా దొరికినట్టనిపించింది. కోట అంటే గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు మాత్రమే కాదు. లోపల వండినవాళ్ళున్నారు, నేసినవాళ్ళున్నారు. నేసినవాళ్ళంటే మావాళ్ళు. మేము నిన్న రైలు దిగినవాళ్ళం కాదు.

ఆ వార్త మాకన్నా ముందే వడోద్ చేరినట్టుంది. వారం తిరగకముందే మా గుమ్మం దగ్గర సాయంత్రాలు నలుగురైదుగురు చేరడం మొదలుపెట్టారు. పాలీ, అంటే షిఫ్టు, దిగి వచ్చిన మగవాళ్ళు తాత పక్కన కూర్చుని, గుంటమగ్గం ఎట్లుండేదే, పడుగు ఎట్ల జేస్తుండిరి అని అడిగేవారు. తాత చెప్పేవాడు. ఒకసారి ఒకాయన తాను నేసిన బట్ట ముక్క తెచ్చి చూపించాడు. తాత దాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది, పేకలో ఒక దారం జారిన చోటు కళ్ళు మూసుకునే చెప్పాడు. ఆ రోజు ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని అమ్మ నాన్నతో చెప్పడం విన్నాను. నాన్న తన కార్ఖానా యజమాని సేఠుతో కూడా ఈ సంగతి చెప్పాడట. మావాళ్ళు ఇక్కడ రాజుల కాలం నుంచి ఉన్నారు సేఠ్ అని.

సారు మ్యూజియం అధికారికి ఉత్తరం రాద్దామన్నారు. గుజరాతీలో చిత్తుప్రతి రాసి, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని శుద్ధప్రతి నన్ను రాయమన్నారు. అది నాడె అని, కాబట్టి కోటలో నేతవాళ్ళు ఉండేవారని, వాళ్ళు మా పూర్వీకులు అయి ఉండవచ్చని అందులో ఉంది. "అయి ఉండవచ్చు" అనడానికి గుజరాతీలో రెండే రెండు మాటలు: "హోయ్ శకే". శుద్ధప్రతి రాస్తూ అక్కడికి వచ్చి ఆగాను. ఆ రెండు మాటలూ వాక్యాన్ని మెత్తబరుస్తున్నాయనిపించింది. వదిలేసి, వాళ్ళు మా పూర్వీకులు అని రాశాను. సారు పై నుంచి కిందికి కళ్ళు తిప్పి బాగుందన్నారు. మా వరుస ఇళ్ళలోని పెద్దలందరూ దాని మీద సంతకాలు చేశారు. రాయడం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. వృత్తి తెలిసినవాళ్ళే చెప్తున్నారు కాబట్టి చీటీ మార్పిస్తామని, ఇలాంటి సమాచారం ఇచ్చినందుకు ధన్యవాదాలని అధికారి రాశారు. సారు దాన్ని గుమ్మం ముందు నిలబడి అందరికీ చదివి వినిపించారు. వచ్చే సెలవు నాడు టెంపో మాట్లాడుకుని అందరూ వెళ్ళి కొత్త చీటీ చూడాలని అక్కడికక్కడే అనుకున్నారు. తాత మాత్రం, "అందరికన్న ముందుగాల నేనొకసారి వోయి జూసొస్త" అన్నాడు. తన చీటీని తాను ముందు చూసుకోవాలన్న ముచ్చట అనుకున్నాం. ఉత్తరం పంపిన రోజు నుంచీ ఆయన మనసులో ఏదో మసలుతూ ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అలా తోచలేదు.

తాత, నేను, పక్కింటి అక్క ముగ్గురం సర్కారు బస్సులో వెళ్ళాం. కావలి మనిషి మమ్మల్ని చూసి సంతోషంగా ఎదురొచ్చాడు. కొత్త చీటీ ముందురోజే వచ్చిందట. బల్ల మీది నుంచి తీసి చూపించాడు. తెల్లని అట్ట మీద నల్లని అక్షరాలు. నేను చదివాను: "నేత నాడె. ఈ కోటలో నివసించిన నేతవారిది; వారు సూరత్ తెలుగు నేతవారి పూర్వీకులు." మెత్తదనం ఎక్కడా లేని వాక్యం. నేను రాసిన వాక్యమే అది, ఇప్పుడు అచ్చులో ఉంది.  నాకు కలిగింది గర్వమో భయమో చెప్పలేను.

పాత చీటీ తీయడానికి అతను అద్దాల పెట్టె తాళం తీశాడు. తాత చేతులు చాపాడు. అతను ఒక్క క్షణం తటపటాయించి, "సంభాల్‌కే దాదా" అంటూ ఆ కొమ్మును తీసి ఆయన చేతుల్లో పెట్టాడు. తాత దాన్ని తిప్పాడు.

కింది వైపు కూడా పై వైపులాగే నునుపుగా మూసుకుని ఉంది.

ఆయన మళ్ళీ తిప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశాడు. బొటనవేలితో ఒక పక్కంతా తడిమాడు, తర్వాత రెండో పక్క. ఒక కొన దగ్గర చిన్న కట్టె బిరడా ఉంది. కావలి మనిషి తల ఊపితే దాన్ని మెల్లగా తీసి, చిటికెన వేలు లోపలికి పోనిచ్చి, బయటికి తీసి చూసుకున్నాడు. వేలికి నల్లని మరక. బిరడా తిరిగి పెట్టి, పసిబిడ్డను దించినంత నెమ్మదిగా ఆ కొమ్మును పెట్టెలో పడుకోబెట్టాడు.

"కన్ను లేదు" అన్నాడు. నాడె పక్కన దారం బయటికి రావడానికి ఉండే రంధ్రాన్ని కన్ను అంటారు. "కడుపు గూడ లేదు. గిది నాడె గాదు బిడ్డా. నేనే తప్పు జెప్పిన."

కొత్త చీటీ పెట్టవద్దని కావలి మనిషితో అక్క చేత చెప్పించాడు. అతనికి అర్థం కాలేదు. పై అధికారి ఒప్పుకున్నాక దాదాకేమిటి ఇబ్బంది అన్నాడు. చీటీ పెట్టడం, తీయడం తన చేతిలో లేదని, వద్దంటే అధికారికి రాసివ్వాలని అన్నాడు. చివరికి తాత ముఖం చూసి, మీ కాగితం వచ్చేదాకా కొన్నాళ్ళు మరిచిపోయినట్టు ఉంటాలే అని కొత్త చీటీని సొరుగులో పెట్టాడు.

మెట్లు దిగుతుండగా నేను మొదలుపెట్టాను. తర్వాతి కాలంలో కాలేజీ చర్చా వేదికల మీద చాలా వాదనలు చేశాను. వాటిలో ఏదీ ఆ మెట్ల మీద చేసినంత పట్టుదలతో చేయలేదు. మొదటిది, ఆ కొమ్మును చేతితో పట్టుకుని చూసింది మేమే, ఇంకెవరికీ ఈ సంగతి తెలియదు. రెండోది, కోటలో నేతవాళ్ళు ఎలాగూ ఉండే ఉంటారు, తాతే ఆ మాట అన్నాడు; కాబట్టి వస్తువు తప్పయినా చీటీలోని సంగతి నిజమే. మూడోది, అది పూర్తికాని నాడె అయి ఉండవచ్చు కదా, కన్ను ఇంకా పొడవలేదేమో, కడుపు ఇంకా తొలవలేదేమో. తాత అడ్డు చెప్పకుండా చివరిదాకా విన్నాడు. కింది మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు.

"మూడు మాటలు గూడ మంచిగనే ఉన్నయి బిడ్డా" అన్నాడు. "కని, కండె యాడ వెడ్తవు?"

 అక్క నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. "వకీలు గావాలె నువ్వు. తాతసొంటోడు ఎదురువడకుంటె గెలుస్తవ్" అంది.

బస్సులో తిరిగి వస్తూ, ఉత్తరంలో నేను వదిలేసిన రెండు మాటల సంగతి ఆయనకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. కోప్పడతాడనుకున్నాను. తాత, తాను కూడా ఆ రోజు అద్దంలోంచి ఒక పక్కే చూసి, రెండో పక్క ఉండవలసినదాన్ని తనే తలుచుకున్నానని అన్నాడు. ఊళ్ళో పోగొట్టుకున్నది ఇక్కడ కనబడితే చాలనిపించిందట. మా ఇద్దరి తప్పూ ఒకటే అని ఆయన అనలేదు. నాకు మాత్రం అలాగే వినిపించింది.

మర్నాడు కరెంటు సెలవు. మగ్గాలన్నీ ఆగిపోయి, మా వరుసలోని వాళ్ళందరూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు. టెంపో సంగతి మాట్లాడడానికి సాయంత్రం మా గుమ్మం ముందు చేరారు. తాత లేచి నిలబడ్డాడు. అది నాడె కాదని, తాను పొరబడ్డానని, ఆ ఉత్తరం తప్పని చెప్తూ ఇంకో ఉత్తరం పంపాలని రెండు మూడు వాక్యాలలో చెప్పాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, ఏదో బట్ట అంచు చూస్తున్నట్టు బొటనవేలు చూపుడువేలి మీద రుద్దుకుంటూ ఉంది. వెనక నిలబడిన నాకు ఒక్కదానికే అది కనబడింది.

 ముందుగా ఒకాయన, "ఏందే పెద్దమనిషీ, గిట్ల నలుగుట్ల నవ్వులపాలు జేస్తివి?" అన్నాడు. ఇంకొకరు ముసలితనంలో చూపు మసకబారడం గురించి ఏదో అన్నారు, ఇద్దరు ముగ్గురు నవ్వారు. సంతకం చేసిన వేలు వెనక్కి తీసుకోవడం ఎట్లాగని ఎవరో అడిగారు. అందరికన్నా నాన్న ముఖం చిన్నబోయింది. మర్నాడు కార్ఖానాలో సేఠు ముందు నిలబడవలసింది ఆయనే. జనం కొంత పలచబడ్డాక తాత దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"నాయినా, అదట్లనే ఉండనియ్యరాదే? ఎవలకు నష్టం?"

"నాకేరా" అన్నాడు తాత. "రేపు ఆ కొండ మీద నిజంగనే నాడె దొరికిందనుకో. గప్పుడు మనోడు చెప్తే ఎవడు నమ్ముతడు?"

 నాన్న లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి, అక్కడే ఉన్న సారుకు కుర్చీ వేశాడు.

సారు కలం తీశారు. ఆయనకూ మనసు లేదని తెలుస్తూనే ఉంది. మొదటి ఉత్తరం ఆయన ఆలోచనే మరి. ఏమని రాయమంటావు పెద్దయ్యా, అది మందు కొమ్మే అని రాయనా అని అడిగారు. తాత వద్దన్నాడు. అది మందుదో కాదో తనకు తెలియదు. నల్లగా ఉంటే మందే కావాలని లేదు. నాడె కాదన్నంత వరకే తన చేతికి తెలుసు, అంతే రాయమన్నాడు. కోటలో నేతవాళ్ళు ఉండేవారా అన్న మాటకూ అదే జవాబు. ఉండే ఉంటారని తనకు తోస్తుంది. కానీ ఈ వస్తువు ఆ మాట చెప్పడం లేదు. ఉన్నారని రాయవద్దు, లేరని రాయవద్దు. ఎంత తెలిస్తే అంతే చెప్పి ఆగడం ఎంత కష్టమైన పనో నేను ఆ చిత్తుప్రతి చూస్తూ తెలుసుకున్నాను. నాలుగే వాక్యాల ఉత్తరం అది, అయినా సారు దాన్ని మూడుసార్లు కొట్టి రాశారు.

శుద్ధప్రతి ఈసారీ నేనే రాశాను. ఒక్క మాట కూడా వదలలేదు.

మొదటి ఉత్తరం కింద మా వరుసంతా సంతకాలు పెట్టింది. రెండోదాని కింద తాత పెట్టాడు, తర్వాత సారు పెట్టారు. పక్కింటి అక్క దారాలు కత్తిరించే కత్తెర పక్కన పెట్టి వచ్చి, "నేను జూసిన గద, నేనెందుకు వెట్ట?" అంటూ తన పేరు గీసింది. నాన్న పెట్టలేదు, ఆయన సంగతి నాకు ఇప్పుడు అర్థమవుతుంది. మిగతావాళ్ళెవరూ రాలేదు. నేనూ పెడతానన్నాను. చిన్నపిల్ల సంతకం చెల్లదని సారు నచ్చజెప్పబోయారు.

"వెట్టనియ్యి సారూ. మొదటిది రాసింది ఆమెనే" అన్నాడు తాత.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. మరుసటి ఏడాది ఇంకో తరగతి పిల్లలు వెళ్ళి వచ్చి, పెట్టె పక్కన పాత చీటీయే ఉందని చెప్పారు. టెంపో ప్రయాణం ఆగిపోయింది. మా గుమ్మం దగ్గర సాయంత్రాలు చేరేవాళ్ళు కూడా మెల్లగా తగ్గిపోయారు. తాత మళ్ళీ ఒంటరిగా కూర్చునేవాడు. నిజం చెప్పినందుకు ఆయనకు ఏదో మేలు జరిగిందని రాయాలని నాకూ ఉంటుంది, కానీ జరగలేదు. ఆ తర్వాత ఆయన మూడేళ్ళు బతికాడు. ఆ మూడేళ్ళూ బడి నుంచి రాగానే నేను ఆయన పక్కన కూర్చుని పడుగు గురించి, పేక గురించి, ఊళ్ళోని మగ్గం గుంట లోతు గురించి అడుగుతూనే ఉన్నాను. కొన్నింటికి చెప్పేవాడు. కొన్నింటికి, తెల్వది బిడ్డా, నేను జూడలే అనేవాడు. రెండూ ఒకే గొంతుతో అనేవాడు.

పెద్దయ్యాక ఎన్నో కాగితాల మీద సంతకం చేశాను: వినతిపత్రాలు, ఖండనలు, నాకు న్యాయమనిపించిన పక్షాన రాసిన ప్రకటనలు. ఇప్పటికీ ఎవరైనా కాగితం ముందు పెడితే, కలం పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. పక్కవాళ్ళు దాన్ని అనుమానం అనుకుంటారు, పిరికితనం అని కూడా ఒకరిద్దరు అన్నారు. ఆ క్షణంలో నేను నా పేరును మొదటిసారి ఏ వాక్యం కింద రాశానో చూసుకుంటున్నానని వాళ్ళకు చెప్పలేదు. "మేము చెప్పింది తప్పు. అది నాడె కాదు. అది ఏమిటో మాకు తెలియదు." ఆ మాటల కింద, తాత సంతకానికి కొంచెం దిగువన, గుండ్రని అక్షరాలతో నా పూర్తి పేరు ఉంది.